పెద్ద ట్యాబ్ ల్యాప్‌టాప్‌కు బదులు పనికొస్తుందా? – పనికి, మెడకు, కంటికి, జేబుకు సంబంధించిన ఒక పాఠం



పిల్లలకు ఉద్యోగం వచ్చిన ఇళ్లలో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. "ల్యాప్‌టాప్ కొనాలా, పెద్ద ట్యాబ్ కొంటే సరిపోతుందా?" ఈ ప్రశ్న దుకాణదారుణ్ణి అడగాలి కాని ఆసుపత్రి వాళ్లను అడగడమేమిటి అని మీకు అనిపించవచ్చు. కాని ఆ వస్తువు ముందు రోజుకు ఎనిమిది గంటలు కూర్చోవలసింది మనిషి శరీరమే. ఎంపిక పొరపాటైతే డబ్బు ఒక్కసారి పోతుంది. మెడనొప్పి, చేతి తిమ్మిరి మాత్రం నెలల తరబడి వెంట ఉంటాయి. పైగా ఇలాంటివి చాలా ఇళ్లలో వాయిదాల మీద కొంటారు. కొన్న వస్తువు పనికి చాలకపోతే ఆ వాయిదాలు తీరకముందే రెండోది కొనవలసి వస్తుంది. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని పాఠంగా తీసుకుంటున్నాము.

1. ట్యాబ్‌లు రెండు రకాలు

పైకి ఒకేలా కనిపించినా పెద్ద ట్యాబ్‌లు రెండు జాతులు. ఈ తేడా తెలియకపోవడం వల్లే ఎక్కువమంది ఇబ్బంది పడతారు.

మొదటిది, ఫోను పెరిగి పెద్దదైన రకం. యాపిల్ కంపెనీ 2010 ఏప్రిల్‌లో 9.7 అంగుళాల ఐప్యాడ్‌ను అమ్మకానికి తెచ్చింది. 2015 నవంబరులో 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో వచ్చింది. దానితోపాటు రాయడానికి పెన్సిలు, టైపు చేయడానికి కీబోర్డు విడిగా అమ్మారు. శాంసంగ్ 2022లో 14.6 అంగుళాల గెలాక్సీ ట్యాబ్ ఎస్8 అల్ట్రాను తెచ్చింది. అంటే తెర కొలతలో ఇవి ల్యాప్‌టాప్‌కు సమానమయ్యాయి. కాని లోపల నడిచేవి ఫోన్ల తరహా యాప్‌లే.

రెండోది, ల్యాప్‌టాప్ సన్నబడి ట్యాబ్ అయిన రకం. మైక్రోసాఫ్ట్ కంపెనీ 2013లో మొదలుపెట్టిన సర్ఫేస్ ప్రో ఈ జాతికి చెందినది. 2014లో వచ్చిన సర్ఫేస్ ప్రో 3ని ల్యాప్‌టాప్‌కు బదులు వాడదగిన ట్యాబ్ అనే ప్రచారంతోనే అమ్మారు. ఇందులో నడిచేది పూర్తి విండోస్. ఆఫీసు కంప్యూటర్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్లలో దాదాపు అన్నీ ఇందులోనూ పనిచేస్తాయి. కాబట్టి ఇది ట్యాబ్ రూపంలో ఉన్న ల్యాప్‌టాప్ అనుకుంటే సరిపోతుంది. ధర కూడా అలాగే ఉంటుంది.

మన ఇళ్లలో "పెద్ద ట్యాబ్" అన్నప్పుడు సాధారణంగా మొదటి రకాన్నే అంటారు. ఇకపై ఈ పాఠంలో ట్యాబ్ అంటే ఆ రకమేనని గమనించండి.

2. ట్యాబ్ ఎక్కడ గెలిచింది?

ట్యాబ్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఏయే వృత్తుల్లో అది నిలిచిందో చూస్తే ఒక సంగతి తెలుస్తుంది.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ 2013లో తన పైలట్లు మోసే బరువైన సంచుల స్థానంలో ఐప్యాడ్‌లు ఇచ్చింది. ఒక్కో సంచిలో పటాలు, నియమాల పుస్తకాలు కలిపి సుమారు 16 కిలోల కాగితం ఉండేది. బ్రిటన్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఐప్యాడ్ మీద గీసిన ప్రకృతి చిత్రాలు 2012లో లండన్‌లోని రాయల్ అకాడమీలో ప్రదర్శించారు. ఆయనకు అది బొమ్మలు గీసుకునే పుస్తకంగా పనికొచ్చింది. మన దగ్గర చూస్తే, 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ అన్‌మోల్ అనే అప్లికేషన్‌ను ప్రవేశపెట్టింది. గ్రామాల్లో తిరిగే ఏఎన్ఎంలు గర్భిణుల, పసిపిల్లల వివరాలు ఇంటి దగ్గరే ట్యాబ్‌లో నమోదు చేయడం దాని ఉద్దేశం. అంతకు ముందు ఆ వివరాలన్నీ లావుపాటి రిజిస్టర్లలో రాసేవారు.

ఈ మూడు ఉదాహరణల్లోనూ ట్యాబ్ తొలగించినది దేనిని? పైలట్ సంచిలోని పుస్తకాలను, చిత్రకారుని కాగితాన్ని, ఏఎన్ఎం అక్క రిజిస్టరును. ల్యాప్‌టాప్‌ను కాదు. నిలబడి, నడుస్తూ, చేత్తో పట్టుకుని చేసే పనికి, చూసి టిక్కు పెట్టే పనికి, చేత్తో రాసే లేక గీసే పనికి ట్యాబ్ చక్కగా సరిపోతుంది. ఆసుపత్రి వార్డులో మరొక మేలు కూడా ఉంది. కీబోర్డు సందుల్లో చేరిన మురికిని తీయడం కష్టం. నున్నటి అద్దాన్ని తుడవడం తేలిక. ట్యాబ్‌ను ఆపి, తయారీదారు సూచన ప్రకారం 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఉన్న తుడుపు గుడ్డతో మెల్లగా తుడవవచ్చు. ద్రవాన్ని నేరుగా తెరమీద చల్లకూడదు. బ్లీచింగు కలిసినవి వాడకూడదు.

3. ఎక్కడ ఆగిపోతుంది?

వైద్యరంగంలోని ఒక నిర్ణయం ఈ సంగతిని బాగా వివరిస్తుంది. 2011 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మొబైల్ మిమ్ అనే యాప్‌కు అనుమతి ఇచ్చింది. సీటీ, ఎంఆర్ఐ వంటి చిత్రాలను ఐప్యాడ్, ఐఫోన్ మీద చూసి వైద్యులు నిర్ధారణ చేయడానికి వచ్చిన మొదటి అనుమతి అదే. కాని ఆ అనుమతిలో ఒక షరతు ఉంది. పూర్తి వర్క్‌స్టేషన్ అందుబాటులో లేనప్పుడు మాత్రమే దానిని వాడాలి, వర్క్‌స్టేషన్‌కు బదులుగా కాదు. అర్ధరాత్రి ఇంటి దగ్గర ఉన్న వైద్యుడు అత్యవసర స్కాను చూడడానికి అది గొప్ప సాయం. రోజంతా వరుసగా స్కాన్లు చదివే పనికి మాత్రం పెద్ద తెరలున్న కంప్యూటరే కావాలి. మిగతా వృత్తుల్లోనూ కథ ఇంచుమించు ఇదే.

లెక్కల పని: ట్యాలీ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. పన్ను రిటర్నుల మీద డిజిటల్ సంతకం చేయడానికి వాడే యూఎస్‌బీ టోకెన్‌కు కంప్యూటర్‌లో ప్రత్యేక సాఫ్ట్‌వేర్ వేయాలి. ట్యాబ్‌లో ఎక్సెల్ తెరుచుకుంటుంది కాని అందులో మాక్రోలు నడవవు. ఆడిటర్ ఆఫీసులో చేరే పిల్లలకు ఇవి నిత్యం తగిలే అవసరాలు.

సాఫ్ట్‌వేర్ పని: ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ అనే సాధనమే ఐప్యాడ్‌లో పనిచేయదు, మ్యాక్ కంప్యూటర్ కావాలి. 2021 డిసెంబరులో వచ్చిన స్విఫ్ట్ ప్లేగ్రౌండ్స్ 4తో చిన్న యాప్‌లు చేయవచ్చు. నేర్చుకునేవారికి అది మంచిదే. ఉద్యోగానికి చాలదు.

ఇంజనీరింగు పని: ఆటోక్యాడ్‌కు ట్యాబ్ యాప్ ఉంది. కట్టడం దగ్గర నిలబడి ప్లాను చూసుకోవడానికి, చిన్న మార్పులు గుర్తించడానికి బాగుంటుంది. రెవిట్ వంటివి విండోస్ మీదే నడుస్తాయి.

మెడికల్ కోడింగ్: హైదరాబాద్‌లో మన పిల్లలు ఎందరో చేస్తున్న ఉద్యోగమిది. ఒకవైపు రోగి కేసు షీటు, మరోవైపు కోడ్ల పట్టిక, ఇంకోవైపు నమోదు చేసే పేజీ పక్కపక్కనే ఉండాలి. ఒకే తెరమీద మార్చి మార్చి చూస్తే వేగం తగ్గుతుంది, తప్పులు పెరుగుతాయి. రోగి వివరాల గోప్యత కోసం చాలా కంపెనీలు సొంత పరికరాల మీద ఈ పని చేయనివ్వవు కూడా. తామే కంప్యూటర్ ఇస్తాయి. కాబట్టి ఉద్యోగపు ఉత్తరం రాగానే దుకాణానికి పరుగెత్తవద్దు. కంప్యూటర్ కంపెనీవారు ఇస్తారా అని ముందు అడగండి. ఈ ఒక్క ప్రశ్న ఒక కుటుంబానికి వేల రూపాయలు మిగల్చగలదు.

ట్యాబ్‌లు మారడం లేదని మేము అనడం లేదు. 2020 మార్చిలో ఐప్యాడ్‌కు మౌసు, ట్రాక్‌ప్యాడ్ సదుపాయం వచ్చింది. 2021లో మ్యాక్ కంప్యూటర్లలో వాడే ఎం1 చిప్పునే ఐప్యాడ్ ప్రోలో పెట్టారు. 2023లో వీడియో కూర్చే ఫైనల్ కట్ ప్రో, సంగీతానికి లాజిక్ ప్రో వచ్చాయి. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 26తో కంప్యూటర్‌లోలా కిటికీలను చిన్నవిగా, పెద్దవిగా చేసుకుని పక్కపక్కన పెట్టుకునే వీలు కలిగింది. శాంసంగ్ ట్యాబ్‌లలో డెక్స్ అనే పద్ధతి ఇలాంటిదే. అంటే ఇప్పుడు అడ్డు చిప్పు శక్తి కాదు. మీ పనికి కావలసిన సాఫ్ట్‌వేర్ అందులో నడుస్తుందా లేదా అన్నదే అడ్డు. పనంతా బ్రౌజరులోనే జరిగేవారికి, ఉత్తరాలు, నివేదికలు రాసుకునేవారికి, ఆఫీసు కంప్యూటర్‌లోకి దూరం నుండి ప్రవేశించి పనిచేసేవారికి కీబోర్డున్న పెద్ద ట్యాబ్ నిజంగానే సరిపోవచ్చు.

4. మెడ ఏమంటుంది?

ఇప్పుడు మా అసలు విషయానికి వద్దాం. మన తల బరువు సుమారు 5 కిలోలు. తల నిటారుగా ఉంటే మెడ ఎముకలు ఆ బరువును సులువుగా మోస్తాయి. ముందుకు వంచేకొద్దీ భారం పెరుగుతుంది. 2014లో అమెరికాలోని వెన్నెముక శస్త్రచికిత్స నిపుణుడు కెన్నెత్ హన్స్‌రాజ్ కంప్యూటర్ నమూనాతో దీనిని లెక్కగట్టారు. తల 15 డిగ్రీలు వంగితే మెడ మీద భారం సుమారు 12 కిలోలు. 30 డిగ్రీలకు 18 కిలోలు. 45 డిగ్రీలకు 22 కిలోలు. 60 డిగ్రీలకు 27 కిలోలు. ఇది లెక్కలో వచ్చిన అంచనాయే కాని మనుషుల మెడలో కొలిచినది కాదు. అయినా సంగతి అర్థమవుతుంది. ఒడిలో ట్యాబ్ పెట్టుకుని తల వంచి పనిచేసే మనిషి మెడ మీద 25 కిలోల బియ్యం బస్తా మోసినంత పని చేయిస్తున్నాడు.

మరి ల్యాప్‌టాప్ మంచిదా? అదీ పూర్తిగా కాదు. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు అతుక్కుని ఉంటాయి. తెరను కంటి ఎత్తుకు లేపితే చేతులు గాలిలోకి లేస్తాయి. చేతులకు అనువుగా బల్లమీద పెడితే తల వంగుతుంది. ట్యాబ్‌లో ఈ రెండూ విడివిడిగా ఉండగలవు. ట్యాబ్‌ను ఎత్తైన స్టాండు మీద నిలబెట్టి, బ్లూటూత్ కీబోర్డును బల్లమీద పెట్టుకుంటే మెడకూ సుఖం, చేతికీ సుఖం. అయితే చాలామంది కొనేది అట్టలా మూసుకునే కవరు కీబోర్డు. దానితో ట్యాబ్ కూడా ల్యాప్‌టాప్‌లాగే కిందనే ఉండిపోతుంది. ఆ సదుపాయం మన చేతులారా పోగొట్టుకున్నట్టే.

5. చేతులు ఏమంటాయి?

అద్దం మీద టైపు చేసేటప్పుడు వేళ్లను కీల మీద ఆనించి ఉంచలేము. తాకితే చాలు అక్షరం పడుతుంది. అందుకే వేళ్లు, మణికట్టు గాలిలో బిగబట్టి ఉంటాయి. నాలుగు వరుసల సమాధానానికి ఫరవాలేదు. నాలుగు పేజీల నివేదికకు వేరే కీబోర్డు ఉండవలసిందే.

నిలబెట్టిన తెరను మాటిమాటికీ చేయి చాచి తాకుతుంటే భుజం అలసిపోతుంది. బల్ల దగ్గర పనిచేసేవారు మౌసు కూడా పెట్టుకోవాలి.

ఒక చేత్తో పెద్ద ట్యాబ్‌ను ఎక్కువసేపు పట్టుకుంటే బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర నొప్పి రావచ్చు. పసిబిడ్డలను ఎత్తుకునే తల్లులలోనూ మేము ఇదే నొప్పిని చూస్తుంటాము. దీనిని డి కెర్వైన్ జబ్బు అంటారు. పెద్ద ట్యాబ్ చేతిలో పట్టుకునే వస్తువు కాదు, ఆనించి వాడే వస్తువు అని గుర్తుంచుకోండి.

6. కళ్లు ఏమంటాయి?

తెర చూస్తున్నప్పుడు మనం రెప్పలు ఆర్పడం తగ్గిస్తాము. కన్ను పొడిబారి మంట, దురద, మసక వస్తాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. కిటికీలోంచి వేపచెట్టును చూసినా చాలు. ఫ్యాను గాలి నేరుగా కళ్లలోకి కొట్టకుండా కూర్చోండి.

40 ఏళ్లు దాటినవారికి చత్వారం ఉంటుంది. ట్యాబ్‌లో అక్షరాలు చిన్నవైతే వారు తెరను దగ్గరకు లాక్కుంటారు, లేదా గడ్డం పైకెత్తి కళ్లద్దాల కింది భాగంలోంచి చూస్తారు. రెండూ మెడకు చేటే. అక్షరాల సైజు పెంచుకోవడానికి సిగ్గుపడవద్దు. తెర చేయి చాచినంత దూరంలో ఉండాలి. అంత దూరం నుండి చదవలేకపోతే కంటి పరీక్ష చేయించుకుని అద్దాల నంబరు సరిచూసుకోండి.

7. బరువు, బ్యాటరీ, ఖర్చు

ట్యాబ్ తేలిక అని అంటారు. ఒంటరిగా అయితే నిజమే. 2021లో వచ్చిన 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో బరువు 682 గ్రాములు. దాని మ్యాజిక్ కీబోర్డు 710 గ్రాములు. రెండూ కలిస్తే 1.39 కిలోలు. ఆ కాలపు మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్ మొత్తం బరువు 1.29 కిలోలే. 2024లో వచ్చిన 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో 579 గ్రాములకు తగ్గింది. అయినా కీబోర్డు చేరాక తేడా పెద్దగా మిగలదు.

బ్యాటరీ సంగతీ అంతే. ఐప్యాడ్‌కు కంపెనీ చెప్పే లెక్క సుమారు 10 గంటలు. 2020లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌కు వీడియో చూస్తే 18 గంటల వరకు అని చెప్పారు. ట్యాబ్‌కు ఒకప్పుడున్న ఆ ఆధిక్యం ఇప్పుడు లేదు.

ఖర్చు లెక్కవేసేటప్పుడు ట్యాబ్ ధర ఒక్కటే చూడవద్దు. కీబోర్డు, పెన్సిలు, స్టాండు, యూఎస్‌బీ హబ్ అన్నీ కలపండి. మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్ మొబైల్ యాప్‌లలో 10.1 అంగుళాల కంటే పెద్ద తెరమీద మార్పులు చేయాలంటే చందా కట్టాలి. చిన్న ట్యాబ్‌లో ఉచితంగా జరిగిన పని పెద్ద ట్యాబ్‌లో ఉచితం కాకపోవచ్చు. ఇవన్నీ కూడితే మంచి ల్యాప్‌టాప్ ధర దాటిపోవడం వింత కాదు.

8. కొనేముందు వేసుకోవలసిన ప్రశ్నలు

కుటుంబమంతా కూర్చుని ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయండి.

(1) కంపెనీ లేదా కళాశాల కంప్యూటర్ ఇస్తుందా?
(2) పనికి కావలసిన సాఫ్ట్‌వేర్లు ఏవి? అవి ట్యాబ్‌లో పూర్తిగా నడుస్తాయా, లేక చూడడానికే వీలవుతుందా?
(3) రోజుకు ఎన్ని గంటలు టైపు చేయాలి? రెండు గంటలు దాటేటట్లయితే ల్యాప్‌టాప్ వైపు మొగ్గండి.
(4) పని కూర్చుని చేసేదా, తిరుగుతూ చేసేదా?
(5) ఒకేసారి రెండు మూడు పేజీలు పక్కపక్కన కనబడాలా?
(6) ఇతర సామగ్రితో, చందాతో కలిపి మొత్తం ఖర్చు ఎంత?

వీలైతే ముందుగా స్నేహితుల దగ్గరున్న ట్యాబ్ మీద ఒక పూర్తి రోజు పనిచేసి చూడండి. దుకాణంలో పది నిమిషాలు చూస్తే వస్తువు ముచ్చటగానే ఉంటుంది. సాయంత్రం అయిదు గంటలకు మెడ చెప్పేదే అసలు మాట.

9. ఏది కొన్నా ఇలా కూర్చోండి

- తెర పై అంచు కంటి ఎత్తుకు రావాలి. ఖరీదైన స్టాండు అక్కరలేదు. నాలుగు లావు పుస్తకాలు చాలు.
- ల్యాప్‌టాప్ అయినా, ట్యాబ్ అయినా విడి కీబోర్డు, మౌసు వాడండి.
- మోచేతులు పక్కలకు ఆని, ఇంచుమించు 90 డిగ్రీలు వంగి ఉండాలి. మణికట్టు నిటారుగా ఉండాలి.
- నడుము వెనుక దిండు, పాదాలు నేలమీద. అందకపోతే చిన్న పీట వేసుకోండి.
- అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. భుజాలను వెనక్కి తిప్పండి.
- మంచం మీద బోర్లా పడుకుని పని చేయవద్దు. నిద్రకు గంట ముందు తెరను ఆపండి.

10. ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

మామూలు మెడ పట్టు కూర్చునే పద్ధతి మార్చుకుని, తేలికపాటి వ్యాయామం చేస్తే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఈ కింది లక్షణాలుంటే మాత్రం ఆలస్యం చేయకండి.

- బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి రాత్రివేళ మెలకువ రావడం.
- మెడ నుండి చేయి పొడవునా నొప్పి లాగడం, చేతిలో పట్టు తగ్గి గ్లాసు జారిపోవడం.
- రెండు వారాలైనా తగ్గని నొప్పి, జ్వరంతో కూడిన మెడనొప్పి.
- నడకలో తూలడం, మూత్ర విసర్జన మీద అదుపు తప్పడం. ఇది అత్యవసరం. అదే రోజు రావాలి.

మందుల దుకాణంలో నొప్పి బిళ్లలు కొని నెలల తరబడి మింగవద్దు. అవి కడుపుకు, మూత్రపిండాలకు హాని చేస్తాయి, జబ్బును కప్పి ఉంచుతాయి.

చివరిగా

ఈ పాఠం నుండి ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ పని ఇంతకుముందు కాగితం మీద, పలక మీద, రిజిస్టరు మీద జరిగేదైతే పెద్ద ట్యాబ్ మీకు మంచి తోడు. మీ పని కీబోర్డు మీద, పక్కపక్కన తెరిచిన పేజీల మీద జరిగేదైతే ల్యాప్‌టాప్ కొనండి. ఇంట్లో ఇప్పటికే ట్యాబ్ ఉంటే దానిని చదువుకు, చూడడానికి, పక్క తెరగా వాడుకోండి. బదులుగా కాక తోడుగా వాడినప్పుడు అది ఎక్కువ ఉపయోగపడుతుంది. వస్తువు ఏదైనా తెరను పైకెత్తండి, తల దించవద్దు. ఈ పేజీని ఇంట్లో ఉద్యోగానికి సిద్ధమవుతున్న పిల్లల చేత కూడా చదివించండి.